లిటిల్ రాక్‌లో రెండు హైస్కూళ్లు

అమెరికా వెళ్లినవాళ్లు నయాగరా చూస్తారు, గ్రాండ్ కాన్యన్ చూస్తారు. నాకు మాత్రం అక్కడొక హైస్కూలు చూడాలని ఎన్నాళ్లుగానో కోరిక. జిల్లా పరిషత్ హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పి రిటైరైనవాడికి అలాంటి కోరిక ఉండటంలో వింతేమీ లేదు. డాలస్‌లో ఉంటున్న మా అబ్బాయి "నాన్నా, శుక్రవారం సెలవు పెడతాను, లిటిల్ రాక్ పోయొద్దాం" అన్నాడు. ఆ రోజు మనవరాలికి బడి లేదు. పదో తరగతి పిల్ల. తనూ బయలుదేరింది.

తెల్లవారకముందే కారెక్కాం. ఇంటర్‌స్టేట్ 30 మీద టెక్సర్కానా దాటగానే ఆర్కన్సా రాష్ట్రం. అక్కణ్ణుంచి దారికి రెండు వైపులా పైన్ చెట్లే. బిల్ క్లింటన్ పుట్టిన హోప్ దగ్గర కాఫీకి ఆగాం. పదకొండు కాకముందే సెంట్రల్ హైస్కూలు ఎదుట ఉన్నాం.

ఫొటోల్లో చూసినదానికీ ఎదుట నిలబడి చూసినదానికీ పొంతనే లేదు. రెండు వీధుల పొడవున సాగిన ఇటుక కట్టడం, ముందు నీటికొలను, రెండు పక్కల నుంచీ పైకి తీసుకుపోయే మెట్లు. 1927లో కట్టారు. ఆ రోజుల్లోనే 15 లక్షల డాలర్లు ఖర్చయింది. గాలిగోపురం ముందు నిలబడ్డట్టు తల పైకెత్తి చూడాల్సి వచ్చింది. ముఖద్వారాల మీద నాలుగు విగ్రహాలున్నాయి. వాటి కింద చెక్కిన పేర్లు మనవరాలు చదివి చెప్పింది: ఆశయం, వ్యక్తిత్వం, అవకాశం, సన్నద్ధత. ప్రభుత్వం తన సొమ్ముతో కట్టే బడికి ఇంత సొగసు ఇవ్వాలనుకున్న ఊరంటే నాకు వెంటనే గౌరవం కలిగింది. తర్వాత విన్న సంగతులేవీ ఆ గౌరవాన్ని పూర్తిగా చెరిపెయ్యలేదు.

ఇది ఇప్పటికీ నడుస్తున్న బడి. 1998లో జాతీయ చారిత్రక స్థలంగా ప్రకటించి బాధ్యత నేషనల్ పార్క్ సర్వీసుకు అప్పగించారు. లోపలికి వెళ్లాలంటే ముందుగా చెప్పుకుని, రేంజరు వెంట వెళ్లాలి. మాకు తోడు వచ్చిన రేంజరు చిన్న వయసు అమ్మాయి. గంట కొట్టగానే పిల్లలు వరదలా నడవల్లోకి వచ్చారు. నల్లవాళ్లు, తెల్లవాళ్లు, మెక్సికన్లు, మనవాళ్ల ముఖాలు కూడా ఒకటి రెండు కనిపించాయి. మేం గోడకు ఆనుకుని నిలబడి దారి ఇచ్చాం. తర్వాత రెండు వేల మంది పట్టే ఆడిటోరియం చూపించింది.

ఇలాంటి బడి ఎలా పుట్టిందో చెప్పుకోవాలి. ఈ భవనం కట్టడానికి పదేళ్ల ముందు, 1917లో, స్మిత్–హ్యూస్ చట్టం వచ్చింది. వ్యవసాయం, చేతిపనులు, గృహవిజ్ఞానం నేర్పే హైస్కూళ్లకు ఫెడరల్ ప్రభుత్వం డబ్బిచ్చింది. మరుసటి ఏడు ఒక జాతీయ సంఘం హైస్కూలు చదువుకు ఏడు లక్ష్యాలు రాసిపెట్టింది. వాటిలో మొట్టమొదటిది ఆరోగ్యం. వృత్తికి కూడా చోటుంది. డాక్టరు కాబోయే పిల్లవాడూ మెకానిక్కు కాబోయే పిల్లవాడూ ఒకే కప్పు కింద చదవాలి, ఒకే మైదానంలో ఆడాలి అన్నది ఆ ఆలోచన. మన బడుల్లో క్రాఫ్టు పీరియడూ డ్రిల్లు పీరియడూ లెక్కల మాస్టారు లాగేసుకోవడం నేను నా కళ్లతో చూశాను. అందుకే ఆ ఆలోచన నాకు ఎంతో విలువైనదిగా తోస్తుంది.

వ్యాయామం గురించి అమెరికాకు అసలు బెంగ పట్టుకున్నది 1950లలో. హాన్స్ క్రౌస్ అనే వైద్యుడూ ఆయన సహచరులూ మోకాలు వంచకుండా వేళ్లతో నేల అందుకోవడం, పడుకుని లేవడం వంటి ఆరు తేలిక పరీక్షలు పెట్టారు. అమెరికా పిల్లల్లో 57.9 శాతం మంది వాటిలో ఏదో ఒక దానిలోనైనా తప్పారు. యూరప్ పిల్లల్లో తప్పినవాళ్లు 8.7 శాతమే. ఆ అంకెలు చూసి కంగారుపడ్డ అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ 1956లో యువజన దేహదారుఢ్యం కోసం ఒక మండలి ఏర్పాటు చేశాడు. మరుసటి ఏడు ఆయనే ఈ బడి మెట్ల మీదికి సైన్యాన్ని పంపాల్సి వచ్చింది.

ఆ కథ చాలామందికి తెలిసిందే. తెల్లవాళ్లకు ఒక బడి, నల్లవాళ్లకు ఒక బడి అన్న పద్ధతి చెల్లదని 1954లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. 1957 సెప్టెంబరు 4న తొమ్మిది మంది నల్లజాతి పిల్లలు సెంట్రల్‌లో చేరడానికి వస్తే, గవర్నరు ఫాబస్ నేషనల్ గార్డును పెట్టి అడ్డగించాడు. అందరూ కలిసి వెళ్దామన్న కబురు ఎలిజబెత్ ఎక్‌ఫర్డ్‌కు అందలేదు. పదిహేనేళ్ల పిల్ల ఒంటరిగా వచ్చి, తిట్టిపోస్తున్న గుంపు మధ్యలో నుంచి బస్ స్టాపు దాకా నడిచింది. విజిటర్ సెంటర్లో ఆ ఫొటో ముందు చాలాసేపు నిలబడ్డాను. ఆమె తొడుక్కున్నది తెల్ల గౌను. అంచుకు నలుపు తెలుపు గళ్ల గుడ్డ. బడి మొదటి రోజు కోసం ఆమె స్వయంగా కుట్టుకున్నదది. గళ్లు ఎక్కడా వంకర పోలేదు. కుట్టుపని తెలిసిన మా ఆవిడ ఉంటే ఆ అంచు చూసే ఆ పిల్ల ఎంత ఓపికమంతురాలో చెప్పేది. చేతి నైపుణ్యం నేర్పడమే బడి పని అయితే, ఆ నైపుణ్యం ఒంటి మీద వేసుకుని వచ్చిన పిల్లను గుమ్మం దగ్గరే తుపాకులతో ఆపారు.

సెప్టెంబరు 25న 101వ ఎయిర్‌బోర్న్ సైనికులు తొమ్మిది మందినీ లోపలికి తీసుకెళ్లారు. నడవల్లో ఒక్కొక్కరి వెనకా ఒక సైనికుడు. "అయితే సైనికులు క్లాసు గదిలోకి వెళ్లకూడదు, బాత్రూముల్లోకి వెళ్లకూడదు, జిమ్ లాకర్ గదుల్లోకి వెళ్లకూడదు" అంది రేంజరు. ఎక్కడ కాపలా లేదో అక్కడే దెబ్బలు పడ్డాయి. వ్యాయామం పీరియడూ ఆ తర్వాతి స్నానాల గదీ తమకు ఎంత భయంకరంగా ఉండేవో ఆ తొమ్మిది మందిలో పలువురు పెద్దయ్యాక రాశారు, చెప్పారు. ఒళ్లు బలపడటానికి పెట్టిన గంట అది. ఆ పిల్లలకు మాత్రం ఒళ్లు కాపాడుకోవడంతోనే సరిపోయింది.

మా మనవరాలు అడిగింది: "వాళ్లు టీముల్లో ఆడేవాళ్లా?"

లేదు. చేరేముందే వాళ్లకు కచ్చితంగా చెప్పేశారు: ఆటల జట్లు లేవు, బ్యాండు లేదు, పాటల బృందం లేదు, క్లబ్బులు లేవు. క్లాసుకు రావాలి, ఇంటికి పోవాలి. ఎర్నెస్ట్ గ్రీన్ తన పాత బడి బ్యాండులో శాక్సఫోన్ వాయించేవాడు. జెఫర్సన్ థామస్ పరుగుపందేల్లో దిట్ట. మినీజీన్ బ్రౌన్‌కు పాడటమంటే ప్రాణం. ఇవన్నీ గుమ్మం బయట వదిలిపెట్టి రమ్మన్నారు. అదే ఏడు సెంట్రల్ ఫుట్‌బాల్ జట్టు ఆడిన పన్నెండు ఆటలూ గెలిచింది. దేశంలోకెల్లా మేటి జట్టని పేరు తెచ్చుకుంది. ఆ స్టేడియం బడి పక్కనే ఉంది. ఇన్ని వసతులుండి ఒక పరుగువీరుణ్ణి గట్టు మీద కూర్చోబెట్టిన బడిని చూస్తే టీచరుగా నాకు కడుపు మండింది.

మరి వాళ్లు ఎందుకు వచ్చినట్టు? చదువు కోసం. సెంట్రల్‌లో ఉన్నలాంటి ప్రయోగశాలలు, లైబ్రరీ వాళ్ల పాత బడిలో లేవు. సెంట్రల్ పిల్లలు వాడేసిన పాఠ్యపుస్తకాలే వాళ్లకు వచ్చేవి. లోపలి అట్ట మీద పాత పేర్లు ఉండేవి. గ్రీన్ 1958 మేలో పట్టా అందుకున్నాడు. సెంట్రల్ నుంచి పట్టా పుచ్చుకున్న మొదటి నల్లజాతి విద్యార్థి అతనే. మార్టిన్ లూథర్ కింగ్ జూనియర్ ఆ సభకు వచ్చి ప్రేక్షకుల్లో కూర్చున్నారు.

ఆ కాలం తేదీలు వరసగా పెట్టి చూస్తే గుండె బరువెక్కుతుంది. పిల్లలు సైనికుల మధ్య బడికి వెళ్లిన తొమ్మిది రోజులకు, అక్టోబరు 4న, రష్యా స్పుత్నిక్‌ను పైకి పంపింది. అమెరికా అదిరిపడింది, మన పిల్లలకు లెక్కలు రావు, సైన్సు రాదు అంటూ పత్రికలన్నీ గగ్గోలు పెట్టాయి. 1958 సెప్టెంబరు 2న సైన్సు, గణితం, విదేశీ భాషల బోధనకు నిధులిచ్చే చట్టం మీద ఐసెన్‌హోవర్ సంతకం చేశాడు. పది రోజులకు, సెప్టెంబరు 12న, ఫాబస్ మరో సంతకం పెట్టాడు. లిటిల్ రాక్ హైస్కూళ్లన్నీ మూతపడ్డాయి. నల్ల పిల్లలతో కలిసి చదవడం కన్నా ఎవరూ చదవకపోవడమే మేలనుకున్నారు. ఏడాది పొడుగునా పిల్లలకు తలుపులు తెరవలేదు. ఒప్పందం ఉంది కనుక టీచర్లు మాత్రం రోజూ వచ్చి ఖాళీ గదుల్లో కూర్చున్నారు. తెల్ల పిల్లలు చాలావరకు ప్రైవేటు బడుల్లోనో బంధువుల ఊళ్లలోనో సర్దుకున్నారు. నల్ల పిల్లల్లో దాదాపు సగం మందికి ఆ ఏడు చదువే లేదు.

ఫుట్‌బాల్ ఆటలు మాత్రం ఆగలేదు. క్లాసుల్లేని బడి పేరు చొక్కా మీద వేసుకుని కుర్రాళ్లు స్టేడియంలో ఆడారు, ఊరు వచ్చి చప్పట్లు కొట్టింది. ఆట మీద నాకు చిన్నచూపు లేదు. డ్రిల్లు మాస్టారి పక్షాన హెడ్మాస్టర్లతో వాదించినవాణ్ణే. కానీ పాఠం లేకుండా మిగిలిన ఆట పిల్లలది కాదు, ఊరి జనం కాలక్షేపం.

మధ్యాహ్నం దగ్గర్లోనే ఉన్న డన్‌బార్ బడికి వెళ్లాం. నిజం చెప్పాలంటే నన్ను ఎక్కువగా కదిలించింది ఇదే. నల్లజాతి పిల్లల కోసం 1929లో తెరిచారు. సెంట్రల్‌కు పనిచేసిన వాస్తుశిల్పులే దీన్నీ గీశారు. అందుకే చూడగానే సెంట్రల్‌ను తగ్గించి కట్టినట్టుంటుంది. ఖర్చు నాలుగు లక్షల డాలర్లు. అందులో 67,500 డాలర్లు షికాగో దాత జూలియస్ రోజెన్‌వాల్డ్ పేరిట ఉన్న నిధి నుంచి వచ్చాయి. ఆ డబ్బు ఇచ్చింది చేతిపనుల బడికి. అనుకున్న పేరు కూడా 'నీగ్రో స్కూల్ ఆఫ్ ఇండస్ట్రియల్ ఆర్ట్స్'. ఇటుక పని, వడ్రంగం, మోటారు మెకానిజం, కుట్టుపని నేర్పితే చాలునని పెద్దల ఉద్దేశం.

ఊళ్లోని నల్లజాతివాళ్లు దానికి ఒప్పుకోలేదు. పని నేర్పండి, మాకు అభ్యంతరం లేదు. బీజగణితం, సాహిత్యం, సైన్సు కూడా చెప్పండి అని పట్టుబట్టారు. చివరికి కవి పాల్ లారెన్స్ డన్‌బార్ పేరు పెట్టారు. చేతిపనులూ ఉన్నాయి, కాలేజీకి పంపే చదువూ వచ్చింది. పైగా జూనియర్ కాలేజీ కూడా అదే భవనంలో నడిచింది. చేతిపని తక్కువదని వాళ్లు అనలేదు. మీ పిల్లలకు పుట్టుకతోనే రాసిపెట్టింది ఇదీ అని మరొకరు తేల్చడాన్ని కాదన్నారు. గాంధీజీ 1937లో వార్ధాలో చేతిపనిని చదువుకు కేంద్రం చెయ్యమన్నది దేశంలోని పిల్లలందరి కోసం. అందరికీ పెడితే అది విద్య. ఒక జాతికే పెడితే కూలీల తయారీ.

అక్కడ నిలబడి మా అబ్బాయికి మన సంగతొకటి చెప్పాను. మద్రాసు విశ్వవిద్యాలయం వైస్ చాన్సలర్ లక్ష్మణస్వామి మొదలియార్ అధ్యక్షతన 1952లో సెకండరీ విద్యా సంఘం వేశారు. అందులో కెన్నెత్ రాస్ట్ విలియమ్స్ అనే అమెరికన్ సభ్యుడుండేవాడు. ఆయన వచ్చింది అమెరికా దక్షిణాదిలోని అట్లాంటా నుంచే. మరుసటి ఏడు ఆ సంఘం బహుళార్థసాధక పాఠశాలలు పెట్టమంది. వ్యవసాయం, సాంకేతికం, వాణిజ్యం, గృహవిజ్ఞానం మామూలు చదువు పక్కనే ఉండాలంది. మన దగ్గర 'మల్టీపర్పస్ హైస్కూలు' అన్న పేరు ఆ సిఫారసు నుంచే వచ్చింది. కొన్ని ఊళ్లలో జనం ఇప్పటికీ అలాగే పిలుస్తారు. లేతు మిషన్లు మాత్రం ఎప్పుడో తుప్పుపట్టాయి.

మళ్లీ కారెక్కాక, "మా స్కూల్లో ఆటో షాప్ ఉంది తాతయ్యా, కానీ మనవాళ్లెవరూ తీసుకోరు" అంది మనవరాలు. "నువ్వు తీసుకో" అన్నాను. వాళ్ల నాన్న అద్దంలో నా వైపు చూశాడు గానీ ఏమీ అనలేదు.

డన్‌బార్‌లో ఇంగ్లిష్ చెప్పిన సూ కవన్ మోరిస్ గురించి కూడా రాయాలి. తెల్ల టీచర్లతో సమాన జీతం కోసం 1942లో ఆమె పేరుతో దావా వేశారు. ఆమె తరఫున వాదించిన వాళ్లలో తర్వాత సుప్రీంకోర్టు జడ్జి అయిన థర్‌గుడ్ మార్షల్ ఉన్నారు. కింది కోర్టులో ఓడి, 1945లో అప్పీలులో గెలిచారు. ఈలోగా ఆమె ఉద్యోగం పోయింది. ఆమె మళ్లీ డన్‌బార్‌లో పాఠం చెప్పింది 1952లో. ఆ చుట్టుపక్కలే ఇప్పుడు ఒక ప్రజా గ్రంథాలయానికి ఆమె పేరుంది. డాలస్ దారి పట్టేముందు కారు అటు తిప్పించాను.