నలుగు తర్వాత ఏం రాస్తున్నాం?

చెన్నైలో పురసవాక్కం హైరోడ్డుకు పెళ్లి బట్టలకూ నగలకూ వచ్చే జనం పనిలో పనిగా ముఖానికి పూసుకునే సరుకూ కొనుక్కుపోతారు. నాట్టు మరుందు కడైలో, అంటే నాటుమందుల కొట్టులో, నలంగు మావు దొరుకుతుంది, మందుల షాపులో విటమిన్ సి సీరమ్ దొరుకుతుంది, పార్లర్‌లో పీలింగ్ చేస్తారు. నలంగు మావంటే మరేమీ కాదు, మన సున్నిపిండికి తోబుట్టువు. నిపుణుల చేత ఇలా పీలింగ్‌తో ముఖం మీది మృతకణాలు తీయించుకుంటే ఆ తర్వాత రాసే క్రీములు రెట్టింపు పనిచేస్తాయని ఇప్పుడు చాలామంది నమ్మకం. రెట్టింపు లెక్క ఎవరు కట్టారో గాని, మాటలో కొంత నిజం లేకపోలేదు. ఆ నిజం అమ్మేవాళ్లు చెప్పేంత తియ్యగా మాత్రం ఉండదు.

పార్లర్ భాషలో మృతకణాలంటే మురికి. అసలు అది గోడ. పదిహేను ఇరవై వరసల చచ్చిన కణాలు ఇటుకల్లా పేర్చి, మధ్యలో కొవ్వు పదార్థాలతో సున్నం కొట్టినట్టుంటుంది. అంతా కలిపి మందం మిల్లీమీటరులో వందో వంతు నుంచి యాభయ్యో వంతు. పడుచు వయసులో కొన్ని వారాలకోసారి కొత్తదవుతుంది. వయసు పెరిగేకొద్దీ ఆ పని మందగిస్తుంది, పొట్టు పేరుకుంటుంది, ముఖం కళ తప్పుతుంది. దాన్ని పలచబరిస్తే పైన రాసింది కొంత సులువుగా దిగుతుంది, నిజమే. కాని అన్నీ దిగవు. అణుభారం 500 డాల్టన్లు దాటితే చర్మంలోకి పోవడం కష్టమని బాస్, మైనార్డి అనే ఇద్దరు పరిశోధకులు 2000లో సూత్రీకరించారు. విటమిన్ సి భారం 176, నియాసినమైడ్‌ది 122. హైలురోనిక్ యాసిడ్‌ది చాలాసార్లు లక్షల్లో ఉంటుంది. అది పైపైనే ఉండి తేమ పట్టి ఉంచుతుంది. దానికోసం పీలింగ్‌కు డబ్బు పోయడం దండగ.

మరి మనుషుల మీద పరీక్షించి చూశారా? మంగు మచ్చల మీద చూశారు. 2002లో వెలువడిన ఒక భారతీయ అధ్యయనంలో 40 మందిని సగం సగం చేసి, అందరికీ ఒకే రకం పూతమందు ఇచ్చారు. ఒక సగానికి దానితోపాటు విడతలవారీగా గ్లైకోలిక్ యాసిడ్ పీలింగ్ కూడా చేశారు. 21 వారాల్లో రెండు గుంపులకూ మచ్చలు తగ్గాయి. పీలింగ్ చేసినవాళ్లకు ముందుగా, ఎక్కువగా తగ్గాయి. అదే ఏడాది అమెరికాలో 21 మంది హిస్పానిక్ మహిళల మీద జరిగిన మరో అధ్యయనంలో మాత్రం హైడ్రోక్వినోన్ అనే పూతమందుకు పీలింగ్ జోడించడం వల్ల అదనపు లాభం కనబడలేదు. రెండూ చిన్న అధ్యయనాలే. వాటి నుంచి తేలేది ఒకటి: పీలింగ్ మంచి మందుకు తోడు పోవచ్చు, పోకపోవచ్చు. రెండు చోట్లా మచ్చల భారం మోసింది పూతమందే.

ఇక్కడే అసలు చిక్కు. గోడ పలచబడితే దారి మంచి మందుకే కాదు, ఇంట్లో ఉన్న ప్రతి ట్యూబుకూ తెరుచుకుంటుంది. అంటే పీలింగ్ విడి చికిత్స కాదు, ఆ తర్వాత రాసే ప్రతిదాని డోసునూ మార్చే పని. రాత్రిపూట రెటినాల్ రాసుకునే ముఖం మరునాడు మండవచ్చు. తెల్లబడటానికని చెప్పి ఎవరో ఇచ్చిన క్రీములో స్టెరాయిడ్ ఉంటే అదీ ఎక్కువగా లోపలికి పోతుంది. పైగా మన చామనఛాయ చర్మం మంటను మచ్చగా మార్చుకుంటుంది, చెన్నై ఎండ దాన్ని ముదరబెడుతుంది. గ్లైకోలిక్ లాంటి ఆమ్లాలున్న సౌందర్య సాధనాలు వాడినన్నాళ్లూ, మానేశాక మరో వారమూ ఎండకు జాగ్రత్తపడమని డబ్బా మీదే రాయాలని అమెరికా ఎఫ్‌డీఏ 2005లో సూచించింది. పెళ్లి వారంలో పెట్టుకుని మొదటిసారి పీలింగ్‌కు కూర్చోవడం సాహసమే.

సున్నిపిండికి లేని భయం దీనికెందుకని అడగవచ్చు. మంచి ప్రశ్న. మన పెద్దలు ముందు నూనె పట్టించి, తర్వాత పిండితో నలిచేవారు. నూనె ఒరిపిడిని తగ్గిస్తుంది. అదీ పండగకో వారానికో ఒకసారి. ఆ పైన ఘాటైనదేదీ రాసేవారు కారు. నలుగు మారలేదు, నలుగు తర్వాత రాసేవి మారాయి. డాక్టరు ఫీజు దండగ, అదే యాసిడ్ ఇంట్లో పూసుకోలేమా అనేవాళ్లూ ఉన్నారు. తక్కువ గాఢత ఉన్నది, రోజు విడిచి రోజు, సన్‌స్క్రీన్ మానకుండా వాడితే చాలామందికి సరిపోతుంది, ఒప్పుకోవాల్సిందే. డాక్టర్లు వాడే 30, 50 శాతం ద్రావణం సంగతి వేరు. దాన్ని ముఖం మీద ఎన్ని నిమిషాలు ఉంచాలో, ఎప్పుడు తటస్థం చేసి ఆపాలో తెలిసిన చెయ్యి కావాలి. ఫీజు ఆ చేతికి. అదీ భారమనుకుంటే పక్కనే కీల్పాక్ ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలో చర్మవ్యాధుల విభాగం ఉంది.

ఎక్కడికి వెళ్లినా, బల్ల మీద పడుకోబెట్టే ముందు ఇంట్లో ఏమేం రాస్తున్నారని అడగనివారి చేతిలో ముఖం పెట్టకండి. వెళ్లేటప్పుడు ట్యూబులు, సీసాలు, పేరు లేని డబ్బాలు అన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్లండి.