చెట్టు నూపినవాడు

ఆదిపర్వమున బాలభీముని యాటలు చదివి నవ్వనివా రరుదు. కౌరవులు పండ్లకై చెట్టెక్కగా నాతడు మ్రాను పట్టి యూపుటయు, పండ్లతో బాటు వారును నేల రాలుటయు, పదుగురిని ఒక్కసారి పట్టి నీట ముంచుటయు చిన్నతనమున మాకు మిక్కిలి వినోదముగా నుండెడివి. అది ద్రోహబుద్ధిచే గాదు, బాల్యచాపలముచేతనే యని వ్యాసులవారు భీముని పక్షమున చెప్పియే యుంచిరి. రాలినవారి మోకాళ్ల సంగతి మే మెన్నడు నడుగలేదు. ఇరువది యేండ్లుగా బడిపిల్లల నడుమ మెలగుచున్న మాకిప్పుడు చెట్టు క్రింద బడినవారే ముందుగా కనబడుచున్నారు.

ఈ తలపు మాకు కలిగించినది ఒక ఇంగ్లీషు బాలకథ. అమెరికా రచయిత్రి ఆర్. జె. పలాసియో 2012లో ‘వండర్’ అను నవల ప్రకటించెను. ముఖవైకల్యముతో పుట్టిన ఆగీ యను పదేండ్ల బాలుడు తొలిసారి బడికి బోయి పడిన పాట్లే యందలి కథ. దాని నాగీతో గూడ ఆరుగురు చెప్పుదురు. వాని నేడిపించిన జూలియనునకు మాత్రము నోరు లేదు. ఆ నోరు 2014లో ‘ది జూలియన్ చాప్టర్’ అను చిన్న పుస్తకమున వచ్చినది.

దుష్టునకు వేఱుగా కథ యెందులకని మిత్రు లొకరు మమ్మడిగిరి. జాలిపడిన పిల్లలు తప్పునుగూడ మన్నింతురని వారి భయము. మాకట్లు తోచలేదు. జూలియను పసితనమున రాత్రులు పీడకలలతో కేకలు వేసినవాడు. ఆగీ ముఖము చూడగానే ఆ పాత భయము తిరిగి వచ్చెను. భయమును దాచుకొనుటకు వెక్కిరింత పట్టినాడు. అది కారణమే గాని క్షమాపణము గాదు. అంతకంటె మమ్ము కలచినది వాని తల్లి. ఆమె తరగతి ఛాయాచిత్రమునుండి ఆగీ ముఖమును కంప్యూటరుతో తుడిచివేసి, ఆ ప్రతులను కొందరు తల్లులకు పంచిపెట్టెను. కొడుకు రహస్యముగా చీటీలపై వ్రాసిన తిట్లకు శిక్ష కలదు; తల్లి పని మర్యాదగా జరిగినది గావున శిక్ష లేదు!

పిదప పారిసులోని నాయనమ్మ తన బాల్యము చెప్పును. పోలియోచే కాళ్లు వంకరపోయిన సహపాఠి నొకని బడిలో అందఱు ‘ఎండ్రకాయ’ యని పిలిచెడివారట. ఆమెయు వానిని పలుకరించి యెఱుగదు. నాజీలు యూదులను వేటాడినపుడు ఆమెను తమ కొట్టములో దాచి కాపాడినవాడు వాడే. తుదకు వాడు వారి చేత చచ్చెను. వాని అసలు పేరు జూలియను. అది విని మనుమడు విలపించి ఆగీకి క్షమాపణలేఖ వ్రాయును.

ఒక పిల్లవాని మనసు కరగుటకు ప్రపంచయుద్ధము కావలెనా యని మేము కొంత విసుగుకొంటిమి. మా బడిలో నేడిపించు పిల్లలకు అట్టి నాయనమ్మలు లేరు. అయినను ఆ మాఱుపేరు మమ్ము విడువలేదు.

ఏలయన, మా తరగతిలోను పోలియో సోకిన బాలు డొకడుండెను. నడచునపుడు ఇటునటు ఒరుగుటచే వానికి ‘తక్కెడ’ యని పేరు పెట్టినది మేమే. అందఱును నవ్విరి, అయ్యవారును మొగము త్రిప్పుకొని నవ్విరి. ఏడవ తరగతి నడుమ వాడు బడి మానెను.

జూలియనువలె మేమును ఒక ఉత్తరము వ్రాయదలచి, నాటి స్నేహితు నొకనికి ఫోను చేసితిమి. “ఎవడురా, మన తక్కెడగాడా?” అని యాతడు నవ్వెను. అసలు పేరడిగితిమి. కొంతసేపూరకుండి, “హాజరుపట్టీలో ఏదో ఉండేది కదరా” అనెను.