సావుకేనా డప్పు?

మా పేటలో డప్పుకి రెండే పనులు. సావు, జాతర. ఊళ్ళో పెద్దోళ్ళెవరన్నా పోతే పొద్దున్నే కబురొచ్చేది. మా అయ్య ఎండుతాటాకు మంట మీద డప్పు కాసి, భుజానికి తగిలించుకుని ఎల్లేవాడు. శవం ముందు మా అయ్య, ఎనకాల ఊరు. ఆయన దెబ్బని బట్టి ఊరు అడుగేసేది. ఊరికి ముందు నడిచే హక్కు మాకు ఆ ఒక్కరోజే. పాడె దింపేశాక ఆ వీధిలో ఆయనకి పనిలేదు. చేటలో పోసిన బియ్యం తువ్వాల్లో మూటగట్టుకుని పేటకొచ్చేసేవాడు. మిగతా రోజులు కొబ్బరి దింపు, ఒలుపు.

మాది ఐనవిల్లి మాదిగపేట. బయటోళ్ళకి ఐనవిల్లి అంటే సిద్ధివినాయకుడి గుడి. మాకు కాలవగట్టు, పరాయోళ్ళ కొబ్బరితోటలు, సాయంత్రానికి చేతిలో పడే కూలిడబ్బులు. మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటోణ్ణి నేను. ఇప్పుడు సర్కారు బళ్ళో మాష్టార్ని.

నాకు ఊహ తెలిసేసరికి మా ఇంట్లో ఒక టేప్‌రికార్డరు, దాంట్లో జననాట్యమండలి క్యాసెట్టు ఉండేవి. మా చిన్నాన్న రాజమండ్రి పనికెళ్ళినప్పుడు ఎవరి దగ్గరో నకలు తీయించుకొచ్చాడు. అది నకలుకి నకలు. గద్దర్ గొంతు నూతిలోంచి వచ్చినట్టుండేది. సగం మాటలు తెలంగాణ యాసలో మాకు అర్థమయ్యేవి కావు. డప్పు మాత్రం స్పష్టంగా వినపడేది. మా అయ్య పాట వినేవాడు కాదు, దెబ్బ వినేవాడు. "ఒరే అబ్బాయ్, ఇది సావుదెబ్బ కాదురా. ఎవరూ సావకుండానే కొడతన్నాడు" అనేవాడు. అక్షరం రాని మా అయ్య గద్దర్ గురించి చెప్పిన ఆ మాటని మించింది తర్వాత నేను చదివిన ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

గుమ్మడి విఠల్‌రావు 1949లో మెదక్ జిల్లా తూప్రాన్‌లో పుట్టాడు. ఇంజనీరింగులో చేరి మధ్యలో వదిలేశాడు. కెనరా బ్యాంకులో గుమస్తాగా చేరి, 1984లో ఆ ఉద్యోగానికీ రాజీనామా చేశాడు. 1985లో కారంచేడు జరిగితే దాన్ని పాట చేసి ఊరూరా మోగించాడు. అజ్ఞాతవాసం నుంచి వచ్చి 1990 ఫిబ్రవరిలో నిజాం కాలేజీ మైదానంలో పాడితే జనం లక్షల్లో వచ్చారు. గోచీ, గొంగడి, చేతిలో కర్ర, కాళ్ళకి గజ్జెలు. ఊరు ఎగతాళి చేసే వేషమంతా ఏసుకుని వేదిక మధ్యలో నిలబడ్డాడు. పేటలో పుట్టి ఉద్యోగం చేసేవాడికి ఆ వేషం అంటే ఏంటో తెలుస్తుంది. మనం ఏ బట్టలు విప్పేసి బళ్ళోకొచ్చామో ఆయన వాటినే కట్టుకుని పైకెక్కాడు.

2023 ఆగస్టు 6న ఆయన హైదరాబాదులో కన్నుమూశాడు. శరీరాన్ని లాల్‌బహదూర్ స్టేడియంలో ఉంచారు. కళాకారులొచ్చి ఆయన పక్కనే ఆయన పాటలు పాడారు. టీవీలోళ్ళు లైవ్ ఇచ్చారు. మా తమ్ముడు అందులో కొంత ఫోన్‌లో దాచి నాకు పంపాడు. అప్పట్నుంచి దాన్ని ఎన్నోసార్లు పెట్టుకున్నాను. చూడ్డం కంటే వినడమే ఎక్కువ.

ఆగస్టు 6 మాకు అంతకుముందే ఉన్న తేదీ. 1991లో అదే రోజున చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. ఎనిమిది మంది చచ్చిపోయారు, చంపినోడు ఒక్కడూ లేడు. అందుకే ఏటా ఆ రోజున మా పేటలో అంబేద్కర్ విగ్రహం దగ్గర నలుగురం చేరతాం. ఇప్పుడు అదే తేదీకి ఈ రికార్డింగూ వచ్చి చేరింది.

దాన్ని మొదటిసారి విన్నప్పుడు నాకు దుఃఖం కంటే కోపం ఎక్కువొచ్చింది. 1997 ఏప్రిల్ 6న ఇంటికొచ్చి ఆయన్ని కాల్చారు. ఒక తూటా తీస్తే ప్రాణానికి ముప్పని ఒంట్లోనే వదిలేశారు. అది పోలీసుల పనేనని ఆయన చెప్తూనే పోయాడు. కాల్చినోళ్ళెవరో తేలనే లేదు. ఆ తూటాతోనే అల్వాల్‌లో ఆయన పెట్టిన మహాబోధి విద్యాలయంలో బౌద్ధ పద్ధతిలో ఆయన్ని పూడ్చారు, ప్రభుత్వ లాంఛనాలతో. బతికున్నప్పుడు తూటా, పోయాక వందనం. మా అయ్య డప్పుకి జరిగిందే ఈయనకీ జరిగిందనిపించింది. సావు రోజున ముందు నడిపిస్తారు, పాడె దిగాక పేటకి పొమ్మంటారు.

ఇది మనకొక్కళ్ళకే జరగలేదు. జమైకాలో నల్లవాళ్ళ పాటగాడు బాబ్ మార్లేని 1976 డిసెంబరు 3న ఇంట్లో దూరి కాల్చారు. రెండ్రోజులకే గాయంతో వేదికెక్కి పాడాడాయన. 1981 మే 11న క్యాన్సరుతో పోతే, మే 21న కింగ్‌స్టన్‌లో ప్రభుత్వమే అంత్యక్రియలు చేసింది. ఆయన బృందం వైలర్స్ అక్కడే వాయించింది. వంత పాడే ముగ్గురు ఆడవాళ్ళూ పాడారు, అందులో ఒకామె ఆయన భార్య రీటా. అధికారులు సంతాపం చెప్పారు. వంత పాడినోళ్ళు మాత్రం పాట ఆపలేదు.

ఆ సంగతి తెలిశాక స్టేడియం రికార్డింగు మళ్ళీ పెట్టాను. ఈసారి మా అయ్య పక్కనే ఉన్నాడు. కళ్ళు సరిగా ఆనవు, చెవులు బాగానే ఉన్నాయి. కాసేపు విని, "ఏరా, శవం కాడ సావుదెబ్బ కొట్టలేదేంటి? ఇది పాటదెబ్బ గదా" అన్నాడు. నిజమే. మేం దాచుకున్న ముక్కలో ఎక్కడా సావుదెబ్బ లేదు. ఆయన బతికుండగా ఏ దెబ్బకి గంతేసేవాడో అదే దెబ్బ. సావు చేసింది ప్రభుత్వం. పాడినోళ్ళు సావు చెయ్యలేదు. ఆయన లేని చోటుని వంతతో నింపుతున్నారు. మైకు ముందున్నోళ్ళ ఎనకాల, మైకు లేని గొంతులు కూడా వినపడతాయి. ఇప్పుడు నేను వెతుక్కుని వినేది ఆ గొంతుల్నే.

గద్దర్ మాల ఇంట పుట్టాడు. మేం మాదిగలం. మా ఇంట్లో ఆ క్యాసెట్టు మోగిన రోజుల్లో ఈ లెక్క ఎవరూ అడగలేదు. 2022 మే 24న జిల్లాకి అంబేద్కర్ పేరొద్దని అమలాపురంలో ఇళ్ళు తగలబెట్టినప్పుడూ అడగలేదు. నెట్ ఆపేసిన ఆ రోజుల్లో రెండు పేటల కుర్రోళ్ళూ ఒకే మెమరీకార్డులో పాటలు విన్నారు. 2024 ఆగస్టు 1న వర్గీకరణ చేసుకోవచ్చని సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఐదు రోజులకి ఆగస్టు 6. విగ్రహం దగ్గరికి మాలపేట నుంచి ఎప్పుడూ వచ్చేవాళ్ళలో కొందరు రాలేదు. మావాళ్ళలో కొందరు "ఆయన పాట మనకెందుకు" అన్నారు. వర్గీకరణ న్యాయమని నేను గట్టిగా నమ్ముతాను. మా వాటా మేం అడుగుతాం. కానీ వాటా అడగడం వేరు, వంత మానెయ్యడం వేరు. ఆ రోజు వచ్చినోళ్ళతోనే రికార్డింగు పెట్టాం. అందులో పాడేవాళ్ళది ఏ పేటో గొంతుని బట్టి చెప్పమన్నాను. ఎవరూ చెప్పలేకపోయారు.

ఆ తర్వాత నేను పనిచేసిన ఒక బళ్ళో వార్షికోత్సవం వచ్చింది. ఏడో తరగతి పిల్లలు డప్పు నేర్చుకున్నారు. అన్ని కులాల పిల్లలూ ఉన్నారు. రెండ్రోజుల ముందు ఒక పెద్దమనిషి వచ్చి, "సావుడప్పు బళ్ళో ఎందుకండీ మాష్టారూ, అశుభం. కోలాటం పెట్టించండి" అన్నాడు. గద్దర్ పోయినరోజు టీవీ ముందు కూర్చుని ఎంత గొప్ప కళాకారుడండీ అని నాతో అన్నది ఈయనే. పైనుంచి కూడా మాటొచ్చింది. డప్పు కార్యక్రమం కాగితంలోంచి పోయింది.

పిల్లలు ఇప్పటికీ అడుగుతారు, "ఎప్పుడు కొడదామండీ?" అని. వాళ్ళలో ఒకడికి మా అయ్యే దరువు నేర్పుతున్నాడు. వాడు పేట పిల్లాడు కాదు, ఊళ్ళోవాడు. వాళ్ళింట్లో తెలిస్తే ఏం జరుగుతుందో నాకు తెలుసు, వాడికీ తెలుసు. అయినా వస్తున్నాడు.

పాటగాడు పోయాక లాంఛనాలు చేసేవాళ్ళని, ఆయన పేరున అవార్డులిచ్చేవాళ్ళని మేం అడిగేది పెద్ద కోరికేం కాదు. స్టేడియంలో శవం పక్కన మోగనిచ్చిన డప్పుని బళ్ళో పిల్లల చేతుల్లో కూడా మోగనివ్వండి. ఎవరూ సావకుండా.