నాన్నకు చెప్పిన అబద్ధం

"ఏమన్నాడ్రా డాక్టరు?" అని నాన్న అడిగినప్పుడు బయాప్సీ రిపోర్టు నా చేతిలోనే ఉంది. "కడుపులో పుండు నాన్నా, మందులతో తగ్గిపోతుందట" అన్నాను. ఇంట్లో అందరం కూడబలుక్కున్న మాట అది. ఆయన నమ్మారు. బాబాయికీ ఆయనకూ పదేళ్ళుగా మాటల్లేవు. "కాస్త ఓపిక రానీ, ఉగాది వెళ్ళాక ఊరెళ్ళి వాణ్ణి పలకరించి వస్తాను" అన్నారు. ఉగాది రాకముందే వెళ్ళిపోయారు.

చాలాకాలం తరువాత కాంట్ గురించి చదువుతూ ఒకచోట ఆగిపోయాను. 18వ శతాబ్దపు ఈ జర్మన్ తత్త్వవేత్త దృష్టిలో ఒక పని మంచిచెడ్డలను తేల్చేది దాని ఫలితం కాదు, ఏ సూత్రాన్ని పట్టుకుని ఆ పని చేశామన్నది. ఆ సూత్రం అందరికీ ధర్మం కావాలని మనం కోరుకోగలమా? ఎదుటి మనిషిని కేవలం ఒక సాధనంగా చూడకుండా గౌరవించామా? 1785లో వెలువడిన గ్రంథంలో ఆయన ఇచ్చిన కొలబద్దలివి. గీతలోని నిష్కామకర్మ గుర్తుకు రావచ్చు. కానీ అక్కడ స్వధర్మం మనిషి మనిషికీ వేరు. కాంట్ చెప్పే ధర్మం ఆలోచించగల ప్రతి మనిషికీ ఒక్కటే.

1797 నాటి వ్యాసంలోనైతే, స్నేహితుణ్ణి వెతుక్కుంటూ వచ్చిన హంతకుడికైనా అబద్ధం చెప్పే హక్కు మనకు లేదన్నాడు. అది నాకీనాటికీ మింగుడుపడదు.

అయినా నా విషయంలో ఆయన మాట తోసెయ్యలేకపోయాను. బాబాయిని చూడకుండానే నాన్న పోయారు గనక నాది తప్పు అనుకునేవాణ్ణి. అది ఫలితాన్ని చూసి ఇచ్చే తీర్పు. నాన్న మరో ఏడాది బతికి, తమ్ముణ్ణి కలుసుకుని ఉన్నా కాంట్ తీర్పు మారదు. మిగిలిన రోజులు ఆయనవి. వాటినెలా గడపాలో నిర్ణయించుకునే హక్కును నేను లాగేసుకున్నాను. పైగా కొడుకులందరూ ఇలాగే చెబితే, "తగ్గిపోతుంది నాన్నా" అన్న మాటను ఏ తండ్రీ నమ్మడు.

కాంట్ చెప్పిన దుకాణదారు ఉదాహరణ మరీ గుచ్చుకుంటుంది. చిన్నపిల్లవాడొచ్చినా సరైన ధరకే అమ్ముతాడతను. కానీ బేరం చెడకూడదనే అలా చేస్తే ఆ నిజాయితీకి నైతికమైన విలువ లేదు. మరి నా దయ ఎవరికోసం? నాన్న బాధపడకూడదనా, ఆ క్షణంలో ఆయన ముఖం చూసే ధైర్యం నాకు లేకనా? తన ఉద్దేశాల లోతు మనిషి తానే పూర్తిగా చూడలేడని కూడా కాంటే అన్నాడు.

మొన్న అమ్మ పరీక్షల రిపోర్టు వచ్చింది. ఆమె పక్కన కూర్చుని మొదటినుంచి చివరిదాకా చదివి వినిపించాను. గొంతు వణికింది. అది కర్తవ్యమో, పాత తప్పుకు పరిహారమో నాకే తెలియదు.