నీమో నాన్న, తప్పిపోయిన గొర్రె



మొన్న టీవీలో మనమంతా ‘ఫైండింగ్ నీమో’ చూశాం గదా. 2003లో వచ్చిన బొమ్మల సినిమా. అందులో యేసయ్య పేరు లేదు. అయినా నాకు లూకా సువార్త 15వ అధ్యాయం గుర్తొచ్చింది. కాపరి 99 గొర్రెల్ని విడిచి, తప్పిపోయిన ఒక్కదాన్ని వెతుకుతాడు.

నీమో నాన్నకి మిగిలింది ఒక్క కొడుకే. పిరికివాడైనా సముద్రమంతా ఈదాడు. కాపరికి 99 ఉన్నాయి, అయినా వెళ్లాడు. అదే గొప్ప.

మా అమ్మకి చదువు రాదు. చదివి వినిపిస్తే, “మేక తప్పిపోతే మనం అన్నం తింటామా?” అంది.

రెడ్డిగూడెం తోటల్లో మామిడి కోతలకి పోయిన మన క్లాసు అమ్మాయి బడి తెరిచినా రాలేదు. మనం 39 మందిమి ఉన్నాం. చాలు అనుకుందామా? వార్డెన్ మేడంగారూ, ఆదివారం వెళ్లి పిలుద్దామండీ.

– 9వ తరగతి విద్యార్థిని