మూలగదిలోని యంత్రములు

అది 2015వ సంవత్సరము. కోనసీమలో కాలువగట్టున నున్న యొక ఉన్నత పాఠశాలకు నేను ప్రధానోపాధ్యాయుడనై యుంటిని. విరిగిన బల్లలు వేయు మూలగదిలో నాలుగు పాత కంప్యూటర్లు దుమ్ముపట్టి పడియుండెను. వానిలో నడచుచుండిన విండోస్ ఎక్స్‌పీ వ్యవస్థకు రక్షణ సవరణలు 2014 ఏప్రిల్ 8వ తేదీతో నిలిచిపోయినవి. తరువాత వచ్చిన వ్యవస్థలను మోయు శక్తి ఆ యంత్రములకు లేదు. తుక్కు సామానుల వేలముపట్టీలో వానిని గూడ చేర్చి నేను సంతకము చేసితిని. తెలుగు పండితునకు యంత్రములతో నేమి పని యను ఉపేక్ష నాలో కొంత లేకపోలేదు.

ఆ దసరా సెలవులలో, కాకినాడలో ఇంజనీరింగు చదువుచుండిన మా పూర్వవిద్యార్థి యొకడు నన్ను చూడవచ్చెను. సంగతి తెలిసి, “మాస్టారూ! వాటిని అప్పుడే అమ్మించకండి. నాకు రెండు రోజులు గడువిప్పించండి. లినక్సు వేసి చూస్తాను” అని బ్రతిమాలెను.

“ఆపరేటింగ్ సిస్టము అనగా నేమిరా?” అని యడిగితిని. వాడు కిటికీలోనుండి కాలువను చూపెను. దాళ్వాకాలమున నీరు చాలనప్పుడు వంతులవారీగా విడుతురు గదా! ఒక చేనికి కొంతసేపు, పిమ్మట వేరొక చేనికి. యంత్రములోని మెమరీయు, ప్రాసెసరును అట్టి నీరే. ఏ ప్రోగ్రామున కెంత, ఎంతసేపు అని పంచునదే ఆపరేటింగ్ సిస్టము. ఆ మాట నా మనస్సునకు హత్తుకొన్నది.

ఒక్కొక్క యంత్రములో 256 మెగాబైట్ల మెమరీ మాత్రమే కలదు. రెండింటి మెమరీ నూడదీసి తక్కిన రెండింటిలో చేర్చి, వానికి 512 చొప్పున అమర్చితిమి. మొదటి దినమున వాడు డెబియన్ అను లినక్సుతోపాటు అందమైన బొమ్మలుగల పెద్ద తెరవ్యవస్థను ఎక్కించెను. ఒక్క నొక్కు నొక్కినచో నిమిషములు గడచెను, డిస్కు గరగరలాడెను. మెమరీలో చోటు చాలనప్పుడు, అప్పటికి అక్కరలేనిదానిని డిస్కులో దాచి, కావలసినపుడు మరల తెచ్చుకొనుట వ్యవస్థ చేయు పని. ధాన్యమును గాదెలో దాచుకొనుట మంచిదే. కాని ప్రొద్దంతయు గాదెకును వాకిటికిని తిరుగుటతోనే సరిపోయినచో వంట యెప్పుడు?

రెండవ దినమున ఆ పెద్ద తెరను తీసివేసి, ఎల్‌ఎక్స్‌డీఈ అను తేలికైన తెరను పెట్టెను. నీరు చాలని పొలమున రైతు వరి నాటక మినుములు చల్లినట్లయ్యెను. యంత్రము మెల్లగానైనను తడబడక నడచెను.

ఈ పొదుపు ఆ జాతి వ్యవస్థలకు పుట్టుకతో వచ్చిన గుణము. 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో కెన్ థామ్సన్, అంతగా ఎవరును వాడని పీడీపీ-7 అను యంత్రముపై యూనిక్సునకు పునాది వేసెను. డెన్నిస్ రిచీ మున్నగువారు ఆయనకు తోడైరి. ఆ యంత్రపు మెమరీ సుమారు 18 కిలోబైట్లు. 1991లో హెల్సింకీలో చదువుకొనుచుండిన లైనస్ టోర్వాల్డ్స్, యూనిక్సు పద్ధతి ననుసరించి లినక్సును వ్రాసి, దాని మూలమును లోకమునకు పంచెను. అందుచేతనే మేము ఒక్క రూపాయి చెల్లింపక దానిని వాడుకొనగలిగితిమి.

తెరబొమ్మలన్నియు విడిచి, నల్లని తెరపై ఆజ్ఞలు మాత్రమే టైపు చేసినచో ఇంకను తక్కువ మెమరీ చాలును. ఆంగ్లమునకది సరిపోవును, కాని అచ్చట మన ఒత్తులు, గుణింతములు కుదురవు. “స్త్రీ” అను ఒక్క అక్షరములో మూడు హల్లులును ఒక అచ్చును ఒదిగి కూర్చుండవలెను. కనుక తెలుగుకొరకు ఆ తేలికతెర తప్పనిసరి. ఇన్‌స్క్రిప్టు అను మీటల అమరికలో అచ్చులు ఎడమవైపున, హల్లులు కుడివైపున నుండుట చూచి పండితుడనైన నాకు ముచ్చటయైనది. పిల్లలు కాగితపు ముక్కలపై అక్షరములు వ్రాసి మీటలకు అతికించిరి.

నేనొక లెక్క వేసితిని. యూనికోడు పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కొక్కటి సాధారణముగా మూడు బైట్లు. రెండువేల గుర్తుల పుట ఆరువేల బైట్లు. పీడీపీ-7 మెమరీలో అట్టి పుటలు మూడు పట్టును. మేము చాలదనుకొన్న 512 మెగాబైట్లలో ఎనుబదితొమ్మిది వేలు పట్టును! కొరత మెమరీది కాదు, దానిని వెచ్చించు తీరుది.

అయినను ఆ యంత్రములు సర్వసమర్థములని చెప్పను. వీడియోలు సాగలేదు, బరువైన వెబ్‌పేజీలు తెరచినచో డిస్కు మరల గరగరలాడెడిది. వ్రాతకును, లెక్కల పట్టికలకును మాత్రము అవి చాలియుండెను.

మొదటి పనిగా, 1996 నవంబరు 6వ తేదీనాటి తుపానునుగూర్చి ఇంటి పెద్దలు చెప్పిన సంగతులను పిల్లలచేత టైపు చేయించితిని. ఇంట కంప్యూటరు లేని తొమ్మిదవ తరగతి బాలిక యొకతె తన నాయనమ్మ మాటలను రెండు పుటలుగా కూర్చెను. చదువురాని ఆ ముసలమ్మ, అచ్చుకాగితమును చేత పట్టుకొని, మనుమరాలిచేత ముమ్మారు చదివించుకొనెనట.

ఆ మరునాడు వేలముపట్టీ తెప్పించి, బాగుపడిన రెండు యంత్రముల పంక్తులను కొట్టివేసి, ప్రక్కన మరల సంతకము చేసితిని. బాలలారా! తెలియని వస్తువుపై తీర్పు చెప్పుటకు నాకు ఒక్క నిమిషమే పట్టినది. ఆ తీర్పును దిద్దుకొనుటకు శిష్యుడు రెండు దినములు శ్రమింపవలసివచ్చెను. ఏ వస్తువునైనను పారవేయుటకు ముందు, దానినిగూర్చి తెలిసినవారిని ఒక్కమారు అడుగుడు. వారు మీకంటె చిన్నవారైనను సరే.