కాలువ కట్టివేసిన దినములు

ప్రతి వేసవియందును మా ప్రాంతమున కాలువలు కట్టివేయుదురు. గట్టుల మరమ్మతులకును, పూడిక తీయుటకును కావలసిన ఆ కొలది వారములు కాలువలో ప్రవాహ ముండదు. అప్పుడు, సంవత్సరము పొడవున మనము కాలువ కడుపున దాచినదంతయు బయటపడును. మా యిల్లు ఏలూరు కాలువగట్టునకు చేరువనే యున్నది. ప్రాతఃకాలమున గట్టువెంట నడచుట నాకు చిరకాలాభ్యాసము. కావున ఈ సంపదను ఏటేట కన్నులార చూచుచున్నాను.

ఏమేమి యున్నవని అడుగుదురా? పాలపొట్లములు, షాంపూపొట్లములు, నీళ్లసీసాలు, విందులలో వాడి పారవేసిన థర్మకోలు పళ్లెములు, పసిపిల్లల డైపర్లు, దూది పైకివచ్చిన పరుపు, వినాయకచవితి ప్రతిమల లోపలి యినుపచువ్వలు, అద్దము పగిలిన దేవుని పటములు. ఊరిలో ఏ పండుగ యెంత ఘనముగా జరిగినదో, ఎవరింట పెండ్లి ఎందరికి వడ్డించిరో, బురదలో పొరలు పొరలుగా చదివికొనవచ్చును. ఇందు ఒక్కటియు ఆకాశమునుండి పడినది కాదు. చదువుకొన్నవారి యిండ్లనుండి వచ్చినవే అధికము. చదువులేనివారికి ఇన్ని వస్తువులు కొను శక్తి యెక్కడిది?

వంతెనక్రింద మోకాలిలోతు మడుగొకటి మిగులును. మిగిలిన చేపలన్నియు అందు చేరును. వానివెంట నీటికాకులును, కొంగలును, లకుముకిపిట్టలును చేరును. పోయిన వేసవిని అక్కడ ఒక తెల్లకొంగను చూచితిని. తెగిన వలయొక్క నైలానుదారము దాని కాలికి చుట్టుకొని, ఆ దారపు రెండవకొన బురదలోని సంచులమూటకు తగులుకొనియున్నది. ఎగురబోవును, రెండు మూరలు లేచి పడును. వంతెనపని చేయు కూలివా డొకడు తన తువ్వాలు దానిమీద కప్పి, కొడవలితో దారమును కోసెను. కాలిని బిగించిన ముడి మాత్రము మాంసములో దిగిపోయినందున వాని చేతికి రాలేదు. పక్షి ఎగిరిపోయినది. అట్టి కాలితో అది యెన్నాళ్లు నీట నిలిచి వేటాడగలదో ఊహింపవచ్చును.

కంటికి కనబడు చెత్త ఇట్లుండగా, కనబడనిది ఇంతకంటె క్రూరమైనది. పట్టణముల మురుగు కాలువలో పడినపుడు, ఆ మలినమును కుళ్లబెట్టు సూక్ష్మజీవులు నీటిలో కరగియున్న ప్రాణవాయువును వాడుకొనును. అది మిక్కిలి తగ్గినచోట చేపలు తెల్లవారుజామున పైకితేలి నోళ్లు తెరచుచుండును. ఇక మురుగులోని నత్రజనియు, భాస్వరమును గుర్రపుడెక్కకు మంచి యెరువు. దక్షిణ అమెరికానుండి వచ్చిన ఆ మొక్క నీటిపై చాపవలె పరచుకొని వెలుతురును క్రిందికి దిగనీయదు. దాని వేళ్లలో చెత్త చిక్కుకొనును; చెత్తకు అడ్డుపడి నీరు నిలుచును; నిలిచిన నీట దోమలు పుట్టును. దోమలు పుట్టిన పిదప మనకు కాలువ జ్ఞాపకమునకు వచ్చును.

ఇంతకు ఈ మురుగంతయు ఎక్కడికి పోవును? కృష్ణా గోదావరుల డెల్టాల నడుమనున్న కొల్లేటిని మన పాఠకులలో ననేకులు చూచియుందురు. బుడమేరు, తమ్మిలేరు మొదలగు ఏరులును, మురుగుకాలువలును త్రోవలోని ఊళ్ల మాలిన్యమును మోసికొని అందే చేరును. అక్కడినుండి సముద్రమునకు ఉప్పుటేరు దారి. ఈ సరస్సును 1999లో ప్రభుత్వము వన్యప్రాణుల అభయారణ్యముగా ప్రకటించెను. 2002లో రాంసర్ ఒడంబడికక్రింద అంతర్జాతీయప్రాముఖ్యముగల చిత్తడినేలగా గుర్తింపు వచ్చెను. 2006లో అక్రమముగా త్రవ్విన చేపలచెరువుల గట్లను తెగగొట్టించిరి. కైకలూరు సమీపమున ఆటపాకయందు గూడబాతులు గుంపులుగా గూళ్లు కట్టుట చూడదగిన దృశ్యము. ఆ పక్షి ముక్కుక్రింది సంచిని వలవలె చాచి, నీటితోకూడ చేపను ఎత్తును. నీటిని వదలి చేపను మ్రింగును. నీటిలో తేలునది చేపయో, పొట్లమో వేరుచేయు ఉపాయమేదియు దానికి ప్రకృతి యీయలేదు. ప్రకృతికి పొట్లముల సంగతి తెలియదుకదా!

ఉప్పుటేరు దాటిన సంచి సముద్రములో మరియొక రూపము దాల్చును. తాబేలు దానిని జెల్లీచేప యనుకొని తినును. మన తీరమున చచ్చి కొట్టుకొనివచ్చు తాబేళ్లలో పెక్కింటికి మరపడవల వలలే మృత్యువులన్నమాట నిజము. అంతమాత్రమున సంచి నిర్దోషి యగునా?

పక్షులమీద జాలి లేనివారు ఒక్కసంగతి ఆలోచింపవలెను. కాలువ కట్టుటకు ముందే పల్లెలలోని మంచినీటి చెరువులను ఈ నీటితోనే నింపుకొందురు. వేసవి యంతయు త్రాగునది అదియే. వడపోత గదులు మురికిని కొంత ఆపును, కరగినదానినంతయు ఆపలేవు.

చట్టములు లేవా? 1974లోనే జలకాలుష్యనివారణచట్టము వచ్చినది. 2022 జూలై 1వ తేదినుండి ఒక్కమారు వాడి పారవేయు ప్లాస్టిక్ వస్తువులు కొన్నింటిని దేశమంతట నిషేధించిరి. నిషేధింపబడిన చెంచాలు ఈ వేసవినికూడ మడుగులో తళతళలాడుచునే యున్నవి. ఎగువనున్న యొక పట్టణపు మురుగుతూము నేటికిని కాలువలోనికే తెరచియున్నది. దానినిగూర్చి రెండు అర్జీలు వ్రాసితిని; అందినట్లు రెండు రసీదులు వచ్చినవి. ఆ తూము నొక్కనిచేత మూయించుట నా వశము కాదు గాని, మా వీథిసంగతి వేరు.

మా ప్రక్కయింటి పిన్నిగారు మడికట్టుకొని పూజచేసి, నిర్మాల్యమును ప్లాస్టిక్ సంచిలో ముడివైచి, ప్రతి శుక్రవారమును కాలువలో వదలుదురు. ఒకనాడు గట్టుమీద ఎదురుపడి, "పిన్నిగారూ, పూవులు కుళ్లి నీటిలో కలియును. సంచి కలియదుకదా" అంటిని.

"మరేమి చేయమందువు నాయనా? స్వామి పూవులను నలుగురు త్రొక్కు పెంటకుప్పలో వేయుదునా?"

ఆమె ప్రశ్నలో న్యాయ మున్నది. మన సంస్కర్తలు పలుమారు ఇట్టి ప్రశ్నను విని నవ్వి ఊరకుందురు. అందుచేతనే వారి మాట గడపలోపలికి పోదు. పవిత్రమని తలచినదానిని చెత్తబండి కీయుటకు ఆమె చేయి రాదు. ఆ చేతికి మరియొక చోటు చూపవలెను. పెరటిలో మందారముక్రింద గుంత త్రవ్వి అందు వేసినచో, ఆ మన్నే మరల పూవై స్వామికి చేరునని చెప్పితిని. పిన్నిగారు నాలుగుదినము లాలోచించి గుంత త్రవ్వించిరి. ఇప్పుడు ఆ వీథిలో మరి మూడిండ్లవారు అట్లే చేయుచున్నారు.

పటముల సంగతి మాత్రము తేలలేదు. చట్రము విప్పి చెక్కను, అద్దమును పాతసామానులవాని కిచ్చి, కాగితమును ఆ గుంతలోనే కలుపవచ్చునంటిని. "దేవుని పాతసామానులవానికా!" అని ఆమె చెవులు మూసికొనిరి. పగిలిన వేంకటేశ్వరస్వామి పటమొకటి ప్రస్తుతము వారి అటకమీద నున్నది. కాలువకు నీరు వదలువరకైన అక్కడనే యుంచెదనని మాట యిచ్చిరి.